చెవికి సోకిన దయ్యం: జపనీస్ కథాసాహిత్యంలో ఆత్మలు

అధ్యక్షులకూ, సభలోని పెద్దలకూ, మిత్రులకూ నమస్కారం.

జపాన్ దయ్యం అనగానే ఇవాళ మనలో చాలామందికి ఒకే రూపం గుర్తుకు వస్తుంది. తెల్లటి బట్టలు, ముఖాన్ని కప్పేసిన పొడవాటి జుట్టు, బావిలోనుంచి పైకి వచ్చి టీవీ తెర దాటి గదిలోకి పాకే ఒక ఆడమనిషి. ఆ రూపాన్ని లోకమంతటికీ పరిచయం చేసినది 1998లో వచ్చిన ‘రింగు’ సినిమా. దానికి ఆధారం సుజుకి కోజి 1991లో వెలువరించిన నవల. ఆ సినిమాను నేను తక్కువ చేయబోవడం లేదు. అయితే అనువాదాల దారిలో జపనీస్ కథలను చాలా కాలంగా చదువుతున్న పాఠకుడిగా నాకు తోచినది ఏమిటంటే, వెయ్యేళ్ళ ఆ కథాసంప్రదాయంలో ఆత్మ కంటికి కనిపించడానికి ముందే చెవికి తగులుతుంది. గొంతుగా, దగ్గుకు జవాబుగా, వేణునాదంగా, చెక్కచెప్పుల చప్పుడుగా వస్తుంది. అందువల్ల ఆ కథల్లో ఆత్మ ఎవరన్న ప్రశ్నకు ఎంత బరువు ఉందో, దాన్ని వింటున్నది ఎవరన్న ప్రశ్నకూ అంతే ఉంది. ఈ సాయంత్రం నేను మాట్లాడదలచినది ఆ వినేవాళ్ళ గురించి.

ముందుగా రెండు మూడు మాటలు పరిచయం చేస్తాను. చనిపోయిన ఒక ఫలానా మనిషి ఆత్మను ‘యూరెయ్’ అంటారు. కక్ష తీరక తిరిగే ఆత్మ ‘ఒన్ర్యో’. మనిషిని పట్టి పీడించే, ఇదీ అని పేరు పెట్టలేని శక్తిని పాతకాలంలో ‘మోనొనొకె’ అనేవారు. మన పల్లెల్లో గాలి సోకింది అంటారే, దానికి దగ్గరి మాట. ఏటి మడుగుల్లో ఉండే కప్పాలు, కొండల్లో తిరిగే తెంగూలు, మనుషులను ఏమార్చే నక్కలు, ఇవన్నీ ‘యోకాయ్’ కిందికి వస్తాయి. జానపద పరిశోధకుడు యనగితా కునియో చెప్పిన తేడా ఒకటి గుర్తు పెట్టుకోదగ్గది: యోకాయ్ ఒక చోటును అంటిపెట్టుకుని ఉంటుంది, ఆ దారి వదిలేస్తే తప్పించుకోవచ్చు; యూరెయ్ మాత్రం తనకు కావలసిన మనిషిని వెతుక్కుంటూ వస్తుంది. నేను యోకాయ్‌ల జోలికి వెళ్ళను. మనిషి కోసం వచ్చేవాటి దగ్గరే ఉంటాను.

కక్షగల ఆత్మ అన్నది ఆనాటి వారికి కథకుల కల్పన మాత్రమే కాదు. సుగవారా నొ మిచిజానె అనే పండితుడు రాజసభలోని కుట్రల వల్ల దూరాన ఉన్న దజైఫుకు పంపివేయబడి 903లో అక్కడే మరణించాడు. 930లో క్యోటో రాజభవనం మీద పిడుగు పడి సభికులు కొందరు చనిపోయినప్పుడు అది ఆయన ఆగ్రహమేనని అందరూ నమ్మారు. చివరికి ఆయనను తెంజిన్ అనే దేవుడిని చేసి గుడి కట్టి శాంతింపజేశారు. ఇప్పుడు పరీక్షలకు వెళ్ళే పిల్లలు ఆ దేవుడికే మొక్కుకుంటారు. పిడుగులు కురిపించిన పండితుడికి చివరకు మార్కులు ఇప్పించే పని పడింది.

ఇటువంటి నమ్మకాల నడుమ, పదకొండో శతాబ్దం తొలినాళ్ళలో, మురసాకి షికిబు అనే రాణివాసపు పరిచారిక ‘గెంజి మోనొగతారి’ రాసింది. యాభై నాలుగు అధ్యాయాల ఆ గ్రంథంలో తొమ్మిదోది ‘అవోయి’. కథానాయకుడు గెంజి భార్య పేరుగా కూడా పాఠకులు దాన్నే వాడతారు. గెంజికి రొకుజో అనే మరొక స్త్రీతో సంబంధం ఉంది. ఆమె మరణించిన యువరాజు భార్య, ఉన్నత కుటుంబీకురాలు, చదువు, సంస్కారం, చేతిరాత అన్నింటిలోనూ మేటి. గెంజి ఆమె మీద మనసు తగ్గించుకున్నాడు; ఆ సంగతి నగరమంతటికీ తెలుసు. కామొ ఉత్సవానికి ముందు జరిగే ఊరేగింపులో గెంజిని ఒక్కసారి చూడాలని రొకుజో ఎవరూ గుర్తుపట్టని సాదా బండిలో వస్తుంది. గర్భవతి అయిన అవోయి పరివారం ఆ బండిని వెనక్కి నెట్టి, కాడిని ఆనించే పీటలు విరగ్గొట్టి, సేవకుల బండ్ల వెనుకకు తోసేస్తారు. ఆమె ఎవరో వారికి తెలుసు, తెలిసే చేశారు. ఆ క్షణంలో రొకుజో ఏమీ అనదు. అనే వీలు లేదు. ఆమె హోదా, ఆమె పెంపకం ఆమె నోరు కట్టేశాయి.

ఆ తరువాత అవోయి జబ్బుపడుతుంది. పూజారులు రాత్రింబగళ్ళు మంత్రాలు చదివితే చిన్నాచితకా ఆత్మలన్నీ పూనకం వచ్చే పిల్లల మీదికి దిగి తమ పేర్లు చెప్పుకుని వెళ్ళిపోతాయి. ఒక్కటి మాత్రం ఆమె శరీరాన్ని వదలదు. ప్రసవ సమయం దగ్గరపడిన వేళ గెంజిని తెర దగ్గరకు పిలుస్తారు. భార్య ఏదో చెప్పుకోవాలనుకుంటున్నదని అతను ఓదార్చబోతాడు. కాసేపు ఆ మంత్రాలు ఆపించమని, బాధ తట్టుకోలేకపోతున్నానని, ఇలా రావాలని తాను అనుకోలేదని, కానీ దిగులుపడే మనిషి ప్రాణం నిజంగానే ఒంటిని విడిచి తిరుగుతుందని ఆ మంచం మీది స్త్రీ అంటుంది. గాలిలో దారి తప్పిన తన ప్రాణాన్ని వస్త్రపు కొంగుకు ముడివేసి ఆపమని ఒక పద్యం కూడా చెబుతుంది. ఆ గొంతు అవోయిది కాదు. ఆ తీరూ ఆమెది కాదు. గెంజి ఆ గొంతును గుర్తుపడతాడు. మనసులో తాను ఎన్నడూ ఒప్పుకోని సంగతిని అతని చెవి ఒప్పుకుంటుంది.

ఇక్కడ రచయిత్రి చేసిన పని నన్ను ఎన్నిసార్లు చదివినా ఆపేస్తుంది. మామూలు కథకులైతే ఆ మంచం దగ్గరే ఉండిపోతారు; మురసాకి మనల్ని రొకుజో ఇంటికి తీసుకువెళుతుంది. బతికి ఉన్న మనిషి ఆత్మే వెళ్ళి మరొకరిని పట్టింది కదా, మరి ఆ మనిషికి ఈ సంగతి ఎలా తెలుస్తుంది? తాను ఎక్కడో ఒక అందగత్తె గదికి వెళ్ళి ఆమెను పట్టి ఈడ్చి కొట్టినట్టు రొకుజోకు కలలు వస్తుంటాయి. అవోయికి మగబిడ్డ పుట్టి సుఖంగా ఉన్నదన్న వార్త విన్న తరువాత తన బట్టల్లోనుంచి భూతవైద్యపు హోమంలో వేసే గింజల వాసన వస్తున్నట్టు ఆమె గమనిస్తుంది. తల స్నానం చేస్తుంది, బట్టలు మారుస్తుంది, వాసన పోదు. తన మీద తనకే ఏవగింపు కలుగుతుంది, ఎవరికీ చెప్పుకోలేదు. ఇంగ్లీషు అనువాదాల్లో ఆ గింజలు గసగసాలు. అయితే జపనీయులు ‘గోమా’ అనే ఆ క్రతువు మన హోమమే, ఆ పేరూ మనదే. దాని సంస్కృత విధుల్లో సర్షపాలను, అంటే ఆవాలను, అగ్నిలో వేయడం ఉంది. ఉప్పూ మిరపకాయలూ ఆవాలూ తిప్పి నిప్పుల్లో వేసే ఇళ్ళలో పెరిగిన మనకు ఆ వాసన ఎలా పట్టుకుని ఉంటుందో వేరే చెప్పనక్కరలేదు. తేడా ఒక్కటే: మన ఇళ్ళలో ఆ వాసన దిష్టి తగిలిన పిల్లవాడి దగ్గర ఉంటుంది, ఈ కథలో దిష్టి పెట్టిన మనిషి జుట్టులో ఉంది.

ఇంతకూ మురసాకి ఇదంతా నమ్మిందా? ఆమె కవితా సంపుటిలో ఒక పద్యం ఉంది. భర్త కొత్త భార్యకు పూనకం వచ్చి, చనిపోయిన మొదటి భార్యే పట్టిందని భర్త బౌద్ధ సూత్రాలు చదువుతున్న ఒక బొమ్మను చూసి చెప్పిన పద్యం అది. చనిపోయిన మనిషి మీద నేరం మోపి బాధపడుతున్నాడు గాని, అది అతని మనసులోని దయ్యమే కాదా అని దాని భావం. మనోవిజ్ఞానం పేరు కూడా పుట్టని రోజుల్లో, ఆ మాటను ఎంత తేలికగా అనేసిందో చూడండి. అయినా నవలలో ఆమె ఆ తెలివిని రొకుజో మీద ప్రయోగించలేదు. గెంజి మనసులోని దయ్యమే అయి ఉంటే రొకుజో బట్టలకు వాసన ఎందుకు పట్టాలి? రెండు దారులనూ తెరిచే ఉంచింది. 1958లో ఎంచి ఫుమికో ‘ఒన్నమెన్’ అనే నవల రాసినప్పుడు, అందులోని ఒక పాత్రచేత రొకుజో మీద ఒక వ్యాసం రాయించి, ఆ తెరిచిన దారుల్లోనుంచే తన కథను నడిపించింది. గెంజి కథను ఆధునిక జపనీస్‌లోకి మార్చిన రచయిత్రి కూడా ఆమే.

ఇదే రొకుజో మూడు నాలుగు వందల ఏళ్ళ తరువాత, ముఖానికి కొయ్య ముసుగులు తొడిగి ఆడే ‘నోహ్’ అనే పాత నాటక కళ రంగస్థలం మీదికి వచ్చింది. ‘అవోయి నొ ఉయె’ అనే ఆ నాటకంలో అవోయి పాత్రను ఎవరూ ధరించరు. రంగస్థలం ముందు భాగంలో మడత పెట్టి పరచిన ఒక పట్టు వస్త్రమే జబ్బుపడిన అవోయి. సోదె చెప్పే స్త్రీ విల్లు నారిని మీటుతుంది. ఆ చప్పుడుకు రొకుజో ఆత్మ విరిగిన బండిలో వస్తుంది. కొట్టిన ఆమె ఎదురుగా నిలబడి మాట్లాడుతుంటే, దెబ్బ తిన్న ఆమె వట్టి బట్టగా నేల మీద పడి ఉంటుంది. ప్రేక్షకుడి సానుభూతి ఎటు వెళ్ళాలో ఆ ఏర్పాటే నిర్ణయించేస్తుంది. నోహ్ కళను నిలబెట్టిన జెఅమి తీర్చిదిద్దిన నాటకాల్లో ఒక అమరిక మళ్ళీమళ్ళీ కనిపిస్తుంది. దేశం తిరిగే సన్యాసి ఒక చోటికి వస్తాడు, ఎవరో స్థానికులు ఆ చోటి కథ చెబుతారు, చెప్పినవారే ఆ కథలోని చనిపోయిన మనిషని తరువాత తేలుతుంది. సన్యాసి రంగస్థలం మీద ఒక స్తంభం పక్కన కూర్చుని వింటాడు. దాదాపుగా అతని పని అంతే. ‘అత్సుమొరి’ నాటకంలో ఆ సన్యాసి మరెవరో కాదు, 1184లో ఇచినొతని యుద్ధంలో పదహారేళ్ళ అత్సుమొరి తల నరికిన కుమగయి అనే యోధుడే. ఆ పని చేసిన దుఃఖంలో గుండు చేయించుకుని ఆ చోటికే వస్తాడు. గడ్డి కోసుకునే కుర్రవాళ్ళు ఊదుతున్న వేణువు ముందు వినిపిస్తుంది. అత్సుమొరి నడుముకు కూడా వేణువు ఉండేది. చంపినవాడే వినేవాడైతే ఆత్మ ఏం మాట్లాడుతుందన్నది ఆ నాటకం. కత్తి ఎత్తిన ఆత్మ చివరికి, నువ్వు నా శత్రువువు కావు, నా కోసం ప్రార్థించు అని వెళ్ళిపోతుంది.

ఇక ముద్రణ విరివిగా జరిగిన ఎదొ కాలానికి, అంటే పదిహేడో శతాబ్దం మొదలు పంతొమ్మిదో శతాబ్దం నడిమి దాకా సాగిన కాలానికి వద్దాం. ఒసాకాకు చెందిన ఉయెదా అకినారి 1776లో ‘ఉగెత్సు మోనొగతారి’ ప్రచురించాడు. తొమ్మిది కథలు. చైనా కథలను తెచ్చి జపాన్ నేలలో, జపాన్ చరిత్రలో నాటిన తీరు చూస్తే, అనుసరణ అన్న మాటను మనం ఎంత చులకనగా వాడుతున్నామో అర్థమవుతుంది. వాటిలో ‘అసజి గ యదొ’, అంటే గడ్డి మొలిచిన ఇల్లు, అన్న కథ గురించి చెబుతాను. కత్సుషిరో అనే బద్ధకస్తుడైన రైతు, పోయిన ఆస్తి సంపాదించుకోవాలని పట్టు బట్ట అమ్మడానికి క్యోటో బయలుదేరతాడు. శరత్కాలానికల్లా వచ్చేస్తానని భార్య మియగికి చెబుతాడు. ఇంతలో యుద్ధం వస్తుంది, దారులు మూసుకుపోతాయి, భార్య చనిపోయే ఉంటుందని తనకు తాను నచ్చజెప్పుకుని ఎక్కడో స్థిరపడతాడు. ఏడేళ్ళకు ఇంటికి వస్తాడు. ఊరంతా శిథిలం, తన ఇంటి తలుపు సందులోంచి మాత్రం దీపపు వెలుగు. అతను తలుపు దగ్గర నిలబడి దగ్గుతాడు. లోపలినుంచి ఎవరని అడుగుతుంది ఒక గొంతు. బాగా ముదిరిపోయిన గొంతు, అయినా భార్యదే.

ఆ దగ్గు అన్నది చిన్న వివరమే, కానీ మన ఊళ్ళలో కూడా పాతకాలపు మగవాళ్ళు పొద్దుపోయి ఇంటికి వస్తే గుమ్మంలో ఆ దగ్గే దగ్గేవారు. భార్యను పేరు పెట్టి పిలవరు కదా. ఆ రాత్రి ఇద్దరూ మాట్లాడుకుంటారు, నిద్రపోతారు. తెల్లవారుజామున ముఖం మీద చల్లగా ఏదో కారితే వాన కురుస్తున్నదనుకుని కళ్ళు తెరుస్తాడు. కప్పు లేదు, తెల్లబోయిన చంద్రుడు కనిపిస్తున్నాడు, నేల నిండా గడ్డి. వెతికితే ఒక సమాధి, దాని దగ్గర ఆమె చేతిరాతతో పద్యం: వస్తాడులే అనుకునే ఈ మనసు చేతిలో మోసపోతూ ఇవాళ్టిదాకా బతికానా అని. చూడండి, ఆమె మోసం చేశావని భర్తను అనలేదు, తన మనసును అంది. అదే గట్టిగా తగులుతుంది. ఈ కథలో ఆత్మ చేసిన కీడు ఏమీ లేదు. ఏడేళ్ళు ఆలస్యంగా వచ్చిన మనిషికి ఒక రాత్రి ఆతిథ్యం ఇచ్చింది, అంతే. మిజొగుచి కెంజి 1953లో తీసిన ‘ఉగెత్సు’ సినిమాకు ఈ సంపుటిలోని కథలే ఆధారం.

నేను చెప్పే మాటకు ఎదురు నిలిచే రచన కూడా ఉంది, దాన్ని దాచడం న్యాయం కాదు. 1825లో త్సురుయా నంబొకు రాసిన కబుకి నాటకం ‘తొకైదో యొత్సుయ కైదాన్’ పూర్తిగా కంటి నాటకం. భర్త ఇయెమొన్‌కు తమ పిల్లను కట్టబెట్టాలనుకున్న పొరుగింటివారు మందని పంపిన విషం తాగిన ఓయివా, అద్దం ముందు కూర్చుని జుట్టు దువ్వుకుంటుంటే కుచ్చులు కుచ్చులుగా ఊడి వస్తుంది. ముఖం వాచి వికృతమవుతుంది. ఆమె ఆత్మ మండే లాంతరులోంచి బయటికి వచ్చే ఘట్టం కోసం రంగస్థల యంత్రాల నిపుణులు పడిన శ్రమ అంతా ఇంతా కాదు. రింగు సినిమాలోని జుట్టుకు తల్లి ఇక్కడుంది. ఇప్పటికీ ఆ నాటకం వేసే ముందు నటులు యొత్సుయలోని ఓయివా గుడికి వెళ్ళి అనుమతి అడిగి వస్తారు.

ఆ తరువాత కాలం మారింది. 1868లో మొదలైన మెయిజి యుగంలో పాశ్చాత్య విజ్ఞానం వచ్చింది, దయ్యాలను నమ్మడం అనాగరికమైంది. ఇనోవే ఎన్ర్యో అనే తత్త్వవేత్త యోకాయ్ శాస్త్రం పేరుతో వింత నమ్మకాలన్నింటికీ కారణాలు వెతికి పెట్టాడు. 1887లో ఆయన స్థాపించిన విద్యాలయమే ఇప్పటి తొయొ విశ్వవిద్యాలయం. అదే కాలంలో తొక్యోలో సన్యూతెయ్ ఎంచో అనే రకుగొ కథకుడు, అంటే ఒంటరిగా కూర్చుని విసనకర్ర, చేతిగుడ్డ తప్ప మరే సరంజామా లేకుండా పాత్రలన్నీ తానే అయి కథ చెప్పే కళాకారుడు, దయ్యాల కథలతో జనాన్ని కట్టిపడేస్తున్నాడు. తన ‘షిన్‌కెయ్ కసనెగఫుచి’ కథను మొదలుపెడుతూ అతను కొత్తకాలపు పెద్దమనుషులను మెల్లగా ఎద్దేవా చేస్తాడు: దయ్యాలు లేవట, అంతా నరాల జబ్బేనట, అందుకని మా దయ్యాల కథలకు ఇప్పుడు గిరాకీ తగ్గిందని. పేరులోనే చమత్కారం ఉంది. షిన్‌కెయ్ అన్న మాటను ఒక రకంగా రాస్తే యథార్థ దృశ్యం, మరొక రకంగా రాస్తే నరాలు.

ఎంచో పేరు నిలిచినది ‘బొతన్ దోరో’ వల్ల. మూలం పద్నాలుగో శతాబ్దపు చైనా కథ. 1666లో అసయి ర్యోయి దాన్ని జపాన్‌కు తెచ్చాడు. ఎంచో దాన్ని పెద్ద కథగా పెంచాడు. షిన్‌జబురో అనే యువకుడి మీది ప్రేమతో బెంగపడి చనిపోయిన ఒత్సుయు, పియోనీ పూల లాంతరు పట్టుకున్న దాసిని వెంటబెట్టుకుని రాత్రుళ్ళు అతని ఇంటికి వస్తుంది. జపాన్ దయ్యాలకు కాళ్ళు ఉండవని చిత్రకారులు ఎప్పుడో స్థిరపరిచారు. కానీ ఒత్సుయు రాక మనకు తెలిసేది ఆమె తొడుక్కున్న చెక్కచెప్పుల చప్పుడు వల్లే: కరన్ కొరోన్, కరన్ కొరోన్. కాళ్ళు లేనిదానికి చెప్పులెందుకని అడిగేవాళ్ళు ఉంటారు. చీకటి పడిన హాలులో, ఒక్క మనిషి గొంతు తప్ప మరేమీ లేని చోట, ఆ చప్పుడు లేకపోతే దయ్యం లోపలికి వచ్చే దారేది?

1884లో ఈ కథకు మరొక విశేషం జరిగింది. అప్పుడే జపాన్‌కు వచ్చిన షార్ట్‌హ్యాండ్ విద్య నేర్చిన వకబయషి కంజో, సకయి షోజో అనే ఇద్దరు, ఎంచో చెబుతుండగా మాట పొల్లుపోకుండా రాసుకుని భాగాలుగా అచ్చువేయించారు. పుస్తకం విపరీతంగా అమ్ముడుపోయింది. గ్రాంథిక వ్యావహారిక వాదాలు మనకు కొత్త కాదు గనుక తరువాతి మాట మీకు వెంటనే బోధపడుతుంది. మాట్లాడే భాషలో నవల రాయడం ఎలాగని సతమతమవుతున్న ఫుతబతెయి షిమెయి అనే యువకుడికి, విమర్శకుడు త్సుబొఉచి షోయో ఇచ్చిన సలహా, ఎంచో మాట్లాడినట్టు రాసి చూడమని. 1887లో మొదలైన ‘ఉకిగుమొ’ ఆధునిక జపనీస్ నవలకు నాంది అంటారు. దయ్యాలను మూఢనమ్మకమని పక్కన పెట్టిన ఆధునికతకు భాష నేర్పినది ఒక దయ్యం కథ. ఇంకొక మాట కూడా చెప్పాలి: దయ్యాలు రాకుండా షిన్‌జబురో ఇంటికి అంటించిన తాయెత్తు కాగితాలు ఊడదీసి వాటిని లోపలికి రానిచ్చిన పొరుగువాడు తొమొజో, చాలా అధ్యాయాల తరువాత, దయ్యాలూ లేవు ఏమీ లేవు, డబ్బు కోసం షిన్‌జబురోను తన్ని చంపినది నేనే, ఎముకలు తెచ్చి పక్కన పెట్టినదీ నేనే అని ఒప్పుకుంటాడు. సరే, మరి మనం విన్న ఆ చెప్పుల చప్పుడు మాటేమిటి? దానికి జవాబు చెప్పకుండానే ఎంచో ముందుకు సాగిపోతాడు.

లఫ్కాడియో హెర్న్ గురించి చెప్పకుండా ఈ ప్రసంగం ముగియదు. గ్రీసు దీవిలో పుట్టి, ఐర్లండ్‌లో పెరిగి, అమెరికాలో పత్రికల్లో పనిచేసి, 1890లో జపాన్ చేరి, మత్సుయె పట్టణంలో సమురాయి కుటుంబానికి చెందిన సెత్సును పెళ్ళాడి, కొయిజుమి యకుమొ అన్న పేరుతో ఆ దేశపు పౌరుడయ్యాడు. అతనికి జపనీస్ పుస్తకాలు సొంతంగా చదివే శక్తి లేదు. సెత్సు పాత పుస్తకాలు వెతికి తెచ్చి, ఇద్దరికే అర్థమయ్యే విరిగిన జపనీస్‌లో కథలు చెప్పేది. పుస్తకం చూసి చదవవద్దు, నీ మాటల్లో, నీ ఆలోచనతో చెప్పు అని అతను పట్టుబట్టేవాడని ఆమె తన జ్ఞాపకాల్లో రాసింది. ‘క్వైదాన్’ 1904లో వచ్చింది, ఆ ఏడాదే అతను చనిపోయాడు. ఆ పుస్తకం అట్ట మీద సెత్సు పేరు లేకపోవడం నాకు ఇప్పటికీ ముల్లులా గుచ్చుకుంటుంది.

అందులోని మొదటి కథ చెవులు లేని హోయిచిది. 1185లో దన్ నొ ఉర సముద్ర యుద్ధంలో తైరా వంశం పసివాడైన చక్రవర్తితో సహా మునిగిపోయింది. ఆ యుద్ధగాథను బివా అనే తంత్రీ వాద్యం మీద పాడే గుడ్డివాడు హోయిచి. రాత్రి ఎవరో యోధుడు పేరు పెట్టి పిలిచి, ఒక ప్రభువు ఇంటికి తీసుకువెళ్ళి పాడిస్తాడు. చుట్టూ పట్టుబట్టల గరగర, ఆడవాళ్ళ ఏడుపు అతనికి వినిపిస్తుంటాయి. చూపున్న గుడి సేవకులు వెళ్ళి చూస్తే, వానలో సమాధుల మధ్య ఒంటరిగా కూర్చుని పాడుతున్నాడు. అతన్ని కాపాడటానికి ఆచార్యుడు ఒంటినిండా ప్రజ్ఞాపారమితా హృదయ సూత్రం రాయిస్తాడు, చెవులు మరిచిపోతారు. వచ్చిన ఆత్మకు గాలిలో రెండు చెవులు మాత్రమే కనిపిస్తాయి, వాటినే పెరికి పట్టుకుపోతుంది. ఆ సూత్రం మన సంస్కృతంలోనిది. ‘న చక్షుః శ్రోత్ర ఘ్రాణ జిహ్వా కాయ మనాంసి’ అని అందులో ఒక పాదం ఉంది: కన్ను లేదు, చెవి లేదు. చెవి లేదని చెప్పే సూత్రం చెవి మీద రాయకపోవడం వల్ల చెవి పోయిన ఈ కథను, ఆ పాదం తెలిసి చదివితే ఒళ్ళు జలదరిస్తుంది. హెర్న్ ఈ కథ రాస్తున్న రోజుల్లో, పొద్దుగూకినా దీపం వెలిగించకుండా కూర్చున్న అతన్ని, పక్క గదిలోంచి సెత్సు సన్నగా, హోయిచీ, హోయిచీ అని పిలిచిందట. అవును, నేను గుడ్డివాడిని, మీరెవరు అని జవాబిచ్చి అతను మళ్ళీ మౌనంగా ఉండిపోయాడట.

యనగితా కునియో ‘తోనో మోనొగతారి’ 1910లో 350 ప్రతులు మాత్రమే అచ్చయింది. ఈశాన్యంలోని తోనో ప్రాంతం నుంచి వచ్చిన ససకి కిజెన్ అనే యువకుడు చెప్పగా విని రాసుకున్న 119 చిన్న చిన్న ఉదంతాలు. ససకి మంచి కథకుడు కాడు గాని నిజాయితీపరుడని యనగితా ముందుమాటలో రాశాడు. ఆ పుస్తకపు బలం అంతా ఆ వాక్యంలో ఉంది. తొంభైతొమ్మిదో ఉదంతం ఒక పేజీకి మించదు. ఫుకుజి అనే మనిషి ఇల్లరికపు అల్లుడిగా సముద్రతీరానికి వెళ్ళాడు. 1896లో సన్‌రికు తీరాన్ని ముంచిన సునామీలో సుమారు ఇరవై రెండు వేల మంది చనిపోయారు. వారిలో అతని భార్య, పిల్లల్లో కొందరు. మిగిలిన ఇద్దరు పిల్లలతో గుడిసె వేసుకుని ఏడాదిగా ఉంటున్నాడు. వేసవి మొదట్లో ఒక వెన్నెల రాత్రి, దూరంగా ఉన్న దొడ్డికి అలల ఒడ్డున నడిచి వెళుతుంటే, పొగమంచులోంచి ఒక ఆడా ఒక మగా ఇద్దరు వస్తుంటారు. ఆమె తన భార్యే. వెంబడించి పేరు పెట్టి పిలుస్తాడు. ఆమె తిరిగి చూసి నవ్వుతుంది. పక్కనున్నవాడు అదే ఊరివాడు, అదే సునామీలో పోయినవాడు. తాను రాకముందు వాళ్ళిద్దరూ ఒకరంటే ఒకరు ఇష్టపడేవారని ఫుకుజి విని ఉన్నాడు. ఇప్పుడు ఇతనితో ఉంటున్నాను అంటుంది ఆమె. పిల్లల మీద ప్రేమ లేదా అని అతను అడుగుతాడు. ఆమె ముఖం రంగు కొద్దిగా మారుతుంది, ఏడుస్తుంది. అతను తలవంచుకుని తన కాళ్ళ వైపు చూస్తుండగా వాళ్ళు గబగబా వెళ్ళిపోతారు. పరుగెత్తబోయి, చనిపోయినవాళ్ళు కదా అని గుర్తుకు వచ్చి ఆగిపోతాడు. తెల్లవారేదాకా దారిలో నిలబడి ఆలోచించి, ఇంటికి వచ్చి, చాలా కాలం జబ్బుపడ్డాడు.

దీనికి నేను వ్యాఖ్యానం చెప్పను. బతికి ఉన్నప్పుడు ఆ భార్యను అతను ఆ ప్రశ్న ఎన్నడూ అడిగి ఉండడన్న ఒక్క మాట తప్ప.

చనిపోయినవారి గొంతు నిజమే చెబుతుందన్న నమ్మకాన్ని అకుతగావా ర్యూనొసుకె 1922లో ‘యబు నొ నక’ కథలో దెబ్బతీశాడు. కురొసావా ‘రషోమోన్’ సినిమా చూసినవారికి ఆ కథ తెలుసు. ఒక హత్య, ఏడు వాంగ్మూలాలు. చివరిది సోదెకత్తె నోట చచ్చిపోయినవాడు చెప్పేది. ఇంతవరకూ విన్నవాళ్ళంతా ఎవరి స్వార్థం కోసం వారు మాట్లాడారు, చచ్చినవాడికి ఇంక దాచుకోవలసినదేముందని మనం చెవి ఒగ్గుతాం. అతనూ తన పరువు చూసుకునే మాట్లాడతాడు. చావు మనిషిని సత్యసంధుణ్ణి చేయలేదు. కథ చివర, కళ్ళకు చీకటి కమ్ముతుండగా ఎవరో మెల్లగా దగ్గరకు వచ్చి తన రొమ్ములోంచి కత్తి లాగారని, ఎవరో తనకు కనిపించలేదని అంటాడు. చచ్చినవాడికి కూడా అడుగుల చప్పుడే మిగిలింది.

సమకాలీన నవలల్లో రెండింటిని తలచుకుని ముగిస్తాను. యూ మిరి 2014లో రాసిన నవల తొక్యోలోని ఉయెనొ పార్కులో ఇల్లు లేక బతికిన ఒక వృద్ధుడిది. ఫుకుషిమా నుంచి 1964 ఒలింపిక్స్ పనులకు కూలీగా వచ్చినవాడు. మనతో మాట్లాడుతున్నది అతని ఆత్మ. ఇక్కడ వ్యవహారం తిరగబడింది: చనిపోయినవాడు ఉయెనొ స్టేషన్ ప్రకటనలనూ, దారినపోయేవారి పొడిపొడి మాటలనూ వింటూ ఉంటాడు, అతని మాట వినే సన్యాసి మాత్రం పార్కులో ఎవరూ ఉండరు.

రెండోది ఇతొ సెయికో 2013లో రాసిన ‘సోజో రజియొ’, ఊహల రేడియో. 2011 సునామీ తరువాత, ఎత్తైన దేవదారు చెట్టు కొమ్మల్లో వెల్లకిలా చిక్కుకున్న ఒక శవం రేడియో కార్యక్రమం నడుపుతుంది. పాటలు వేస్తుంది, జోకులు వేస్తుంది, శ్రోతల ఉత్తరాలు చదువుతుంది. ఆ శ్రోతలందరూ చనిపోయినవారే. మరొక అధ్యాయంలో సహాయపనులకు వెళ్ళి తిరిగి వస్తున్న కొందరు రాత్రి కారులో వాదించుకుంటారు: ఏమీ పోగొట్టుకోని మనం చనిపోయినవారి గొంతు వింటున్నామని అనుకోవచ్చునా, అది వారి పట్ల అపచారం కాదా అని. ఆ వాదం అక్కడ తేలదు. చెట్టు మీది మనిషి మాత్రం తన భార్య నుంచీ కొడుకు నుంచీ ఒక్క సందేశం కోసం ఎదురుచూస్తూ, అది రాలేదని బాధపడుతూ, పాట మీద పాట వేస్తూ ఉంటాడు. తన రేడియో చనిపోయినవారికే అందుతున్నదని, అందుకే వాళ్ళ నుంచి జవాబు రావడం లేదని, అంటే వాళ్ళు ఎక్కడో బతికి ఉన్నారని అతనికి మెల్లమెల్లగా తెలిసివస్తుంది.